మందు ఒకరికి, పథ్యం ఇంటిల్లిపాదికీ

మతిమరుపు మీద మనకున్నన్ని హాస్యకథలు ఇంకే జబ్బు మీదా ఉండవేమో! గొడుగు మర్చిపోయిన ప్రొఫెసరుగారు, మండపం దాకా వెళ్ళి పెళ్ళి తనదే అన్న సంగతి మర్చిపోయిన పెళ్ళికొడుకు, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే తాతగారు - వీళ్ళే లేకపోతే మన హాస్య నాటికలు సగం నడవవు. జ్వరం వచ్చినవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. కాలు విరిగినవాణ్ణి చూసి నవ్వితే సంస్కారం లేదంటారు. మతిమరుపు మనిషిని చూసి మాత్రం హాయిగా నవ్వుకోవచ్చు. ఆ మనిషి కూడా మనతోబాటు నవ్వేస్తాడు.

కాని, కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోవటం ఒకటి. కళ్ళజోడు చేతిలో పట్టుకుని, అసలిది దేనికా అని తిప్పితిప్పి చూడటం వేరొకటి. మొదటిది మన అందరికీ వచ్చేదే. రెండోది వచ్చిన ఇంట్లో నవ్వులుండవు.

ఆ రెండోదానికి ఎక్కువసార్లు కారణమయ్యే జబ్బుకి అల్జీమర్స్ అని పేరు. ఆ పేరు ఒక జర్మను డాక్టరుది. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఒక మానసిక చికిత్సాలయానికి ఆగస్టె డేటర్ అనే 51 ఏళ్ళావిణ్ణి తీసుకొచ్చారు. డాక్టర్ అల్జీమర్ ఆమె పేరడిగితే చెప్పింది. భర్త పేరడిగితే కాసేపు ఆలోచించి మళ్ళీ తన పేరే చెప్పింది. కాగితమిచ్చి పేరు రాయమంటే రాయలేకపోయింది. తనని తాను పోగొట్టుకున్నాననే అర్థం వచ్చేట్టు ఏదో అన్నదట. 1906లో ఆమె చనిపోయాక అల్జీమర్ ఆమె మెదడుని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. కణాల మధ్య గడ్డకట్టిన మడ్డి, కణాల లోపల చిక్కుపడిన దారప్పోగులు కనబడ్డాయి. ఆ సంవత్సరం నవంబరులోనే ఆ సంగతి డాక్టర్ల సభలో చెప్పాడు. 1910లో ఆయన గురువుగారు క్రేపెలిన్ తన పుస్తకంలో ఆ జబ్బుకి శిష్యుడి పేరు పెట్టాడు.

నన్ను ఆ మైక్రోస్కోపు కంటే ఆమె మాటే ఎక్కువ వెంటాడుతుంది. పోతున్నది ఏమిటో పోయేవాళ్ళకి కొన్నాళ్ళు తెలుస్తూనే ఉంటుందన్న మాట!

మన దేశంలో జరిగిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. అరవై దాటినవాళ్ళలో నూటికి సుమారు ఏడుగురికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఈ రకం మతి క్షీణించే జబ్బు ఉందని అంచనా. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ. ఈ లక్షల మందిలో ఎంతమంది ఇళ్ళల్లో దీన్ని జబ్బు అంటున్నారనుకుంటున్నారు? మనకి సిద్ధంగా ఒక మాట ఉంది గదా - "చాదస్తం". అది కాకపోతే, "ముసలితనంలో మళ్ళీ బాల్యం వచ్చింది". ఈ రెండు మాటల్తోటీ మనం డాక్టరు అవసరం లేకుండా చేసేసుకుంటాం. ఏదో ఒకరోజు ఆ ముసలావిడ సందు చివర నిలబడి తన ఇల్లేదో చెప్పలేకపోతుంది. అప్పుడు మొదలవుతుంది పరుగు.

మొదటి పరుగు ఇంగ్లీషు డాక్టరు దగ్గరికి. ఆయన స్కానింగు తీయించి, రక్త పరీక్షలు చేయించి, చివరికి మెల్లిగా చెప్తాడు - "దీన్ని నయం చేసే మందు లేదమ్మా. కొంతమందికి కొంతకాలం ఉపశమనం ఇచ్చే బిళ్ళలున్నాయి. వాడి చూద్దాం." అది నిజం. 1996లో అమెరికాలో అనుమతి వచ్చిన డోనెపెజిల్ లాంటి మందులు చేసేది ఆ మాత్రమే. 2023లో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అనే కొత్త ఇంజక్షను కూడా, జబ్బు తొలి దశలో ఉంటే వేగాన్ని కొంచెం తగ్గిస్తుంది. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంటుంది గనక జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి.

రెండో పరుగు ఆయుర్వేదం దగ్గరికి. ఎందుకని? మన పెద్దల వైద్యం మీద నమ్మకం అంటాం. నిజమే. కాని, లోపల ఇంకో కారణం కూడా ఉంది. "నయం కాదు" అనే మాట విన్నవాళ్ళు, ఆ మాట అనని మనిషి కోసం వెతుక్కుంటారు. ఆ వెతుకులాట తప్పు కాదు. తల్లి మతి పోతుంటే చేతులు ముడుచుకుని కూచునే బిడ్డలుంటారా?

పైగా మతికి మందు అనేది మనకి కొత్త కాదు. పసిపిల్లకి తేనెలో అరగదీసిన వస నాకించటం మన ఇళ్ళల్లో ఎరిగిందే. పిల్ల గలగలా మాట్లాడుతుంటే "దీనికి వస ఎక్కువ పోశారా ఏమిటి?" అంటాం. పరీక్షల రోజుల్లో పిల్లలకి సరస్వతి ఆకు పెట్టే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. చరకసంహితలో తెలివినీ జ్ఞాపకాన్నీ పెంచే రసాయనాలని నాలుగు చెప్పారు. మన సరస్వతి ఆకు, అంటే మండూకపర్ణి రసం, అతిమధురం పొడి పాలతో, తిప్పతీగ రసం, శంఖపుష్పి ముద్ద. నాలుగింట్లోనూ శంఖపుష్పిది పైచెయ్యి అని కూడా చెప్పారు. తరవాతివాళ్ళు వీటికి బ్రాహ్మీ ఘృతాలూ, సారస్వతారిష్టాలూ, పెన్నేరుగడ్డ లేహ్యాలూ చేర్చారు. నేతితో, తైలంతో చేసే చికిత్సలకి ఒక తర్కం కూడా ఉంది. ముసలితనంలో వాతం పెరుగుతుంది, ఎండిపోయినదాన్ని తడపాలి అని.

మరి పని చేస్తాయా? ఇక్కడ భక్తీ వద్దు, వెక్కిరింతా వద్దు. తెలిసినంతవరకు చెప్పుకుందాం. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థవారు నీటి బ్రాహ్మి మీద ఏళ్ళ తరబడి పని చేశారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి 12 వారాలపాటు ఇచ్చి చూసిన కొన్ని పరీక్షల్లో, విన్న మాటల్ని తిరిగి చెప్పటంలో కాస్త మెరుగు కనిపించింది. పెన్నేరుగడ్డ సారం ఇస్తే మెదడులోని ఆ మడ్డి తగ్గిందనీ, ప్రవర్తన మెరుగుపడిందనీ మానేసర్‌లోని మన జాతీయ మెదడు పరిశోధన కేంద్రంవారు 2012లో ప్రకటించారు. ఎవరికి తగ్గింది? ఎలుకలకి. ఎలుకకి తగ్గినవన్నీ మనిషికీ తగ్గితే ఈపాటికి లోకంలో ఆస్పత్రులుండేవి కావు. పసుపులోని కుర్కుమిన్‌ని అమెరికాలో అల్జీమర్స్ రోగులకే 24 వారాలు ఇచ్చి చూశారు. అదే 2012లో ఫలితం చెప్పారు - జ్ఞాపకానికి మేలేమీ కనబడలేదు.

అలాగని మొక్కల్లో ఏముందిలే అనటానికీ వీల్లేదు. ఐరోపాలో మంచు కరిగే రోజుల్లో పూసే ఒక చిన్న తెల్లపువ్వు మొక్కనుంచి మొదట తీసిన గాలంటమీన్‌ని ఇవాళ ఇంగ్లీషు డాక్టర్లే ఈ జబ్బుకి రాస్తున్నారు. ఏ మొక్క అయినా సరే, మనుషుల మీద నిదానంగా పరీక్ష చేస్తేనే దాని గుణం తెలుస్తుంది. ఇంతవరకు ఏ లేహ్యమూ, ఏ ఘృతమూ అల్జీమర్స్‌ని నయం చేసినట్టు రుజువు కాలేదు. అదీ నిజం.

నిజం ఇంత చిన్నదిగా ఉంటే, అమ్ముడుపోయే మాట పెద్దదిగా ఉంటుంది. "మూడు నెలల్లో మతిమరుపు మాయం" అనే ప్రకటన మీరు చూసే ఉంటారు. మెదడు జబ్బులు నయం చేస్తామని ప్రకటనలివ్వటం నేరమని మన దేశంలో 1954 నుంచీ చట్టం ఉంది. చట్టం దారి చట్టానిది, ప్రకటనల దారి ప్రకటనలది. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్మే 70 రకాల ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే, 14 రకాల్లో సీసమో, పాదరసమో, పాషాణమో తేలిందని 2004లో చెప్పారు. సీసం మెదడుని పాడుచేస్తుంది. మెదడు కోసం తెచ్చిన సీసాలో అదే ఉంటే ఇంక చెప్పేదేముంది?

ఇందులో నన్ను బాధపెట్టేది మోసం ఒక్కటే కాదు. మామూలు జబ్బుకి మందు తింటే, రోగి పది రోజుల తరవాత "ఏమీ గుణం లేదు, మానేస్తాను" అంటాడు. ఈ జబ్బులో ఆ మాట అనేవాళ్ళెవరు? చరకుడు వైద్యానికి నాలుగు పాదాలు చెప్పాడు - వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. మంచానికి నాలుగు కోళ్ళలాగా అన్నమాట. ఒక్కొక్క పాదానికీ నాలుగేసి గుణాలు ఉండాలన్నాడు. రోగికి ఉండవలసిన గుణాల్లో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? స్మృతి, అంటే జ్ఞాపకశక్తి! తరవాత చెప్పినట్టు వినటం, భయపడకపోవటం, తన బాధ తాను చెప్పగలగటం.

ఈ నాలుగూ ఒక్కసారి మళ్ళీ చదవండి. అల్జీమర్స్ తీసుకుపోయేది సరిగ్గా ఈ నాలుగింటినే. జ్ఞాపకం పోతుంది. చెప్పినట్టు వినరు, ఎందుకంటే చెప్పింది గుర్తుండదు. సాయంత్రమయ్యేసరికి నీడల్ని చూసి భయపడతారు. కడుపునొప్పి ఉన్నా ఎక్కడో చెప్పలేరు. మంచానికి ఒక కోడు పూర్తిగా విరిగిపోయింది. మంచం మాత్రం పడిపోకుండా నిలబడాలి. అంటే ఆ బరువు పక్క కోడు మొయ్యాలి. ఆ పక్క కోడు ఎవరు?

పరిచారకుడు అని గ్రంథంలో పుంలింగం పెట్టారు. మన ఇళ్ళల్లో మాత్రం అది ఎప్పుడూ స్త్రీలింగమే. కోడలో, పెళ్ళికాని కూతురో, భార్యో. ఆ మనిషికి ఉండవలసిన గుణాలు - సేవ చెయ్యటం తెలియటం, నేర్పు, అనురాగం, శుభ్రత. శుభ్రత సబ్బుతో వస్తుంది. నేర్పు అలవాటుతో వస్తుంది. అనురాగం ఎక్కణ్ణుంచి తేవాలి? రాత్రి మూడుసార్లు లేచి, పొద్దున్నే తడిసిన పక్కబట్టలు ఉతికి, "నువ్వెవరే? నా గాజులు నువ్వే తీశావు" అనే మాట పడి, మధ్యాహ్నానికి మళ్ళీ అనురాగం తెచ్చుకోవాలంటే ఏ అంగట్లో దొరుకుతుంది?

గుడివాడలో నాకొక స్నేహితురాలుంది. వాళ్ళత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆరేళ్ళుగా ఈ జబ్బు. బావగారు అమెరికా నుంచి డబ్బు పంపిస్తారు. మరిదిగారు ఎవరో చెప్పిన లేహ్యం డబ్బాలు డజన్లకొద్దీ తెచ్చిపెడతారు. ఆడపడుచు ఫోను చేసి "అమ్మకి మందు సరిగ్గా వేళకి పెడుతున్నావా వదినా?" అంటుంది. అందరూ మందు గురించే అడుగుతారు. మందు అడగటం తేలిక. దానికి ధర ఉంది, వేళ ఉంది, లెక్క ఉంది. మిగతా ఇరవైమూడు గంటల యాభై నిమిషాలకి లెక్క లేదు.

వాళ్ళ ఊరికి దగ్గర్లోనే ఉన్న ఒక పెద్ద వైద్యుడి దగ్గరికి అత్తగారిని తీసుకెళ్తుంటే నేనూ తోడు వెళ్ళాను. ఆయన మందు ఇచ్చే ముందు డాక్టరు కాగితాలన్నీ చూశారు. థైరాయిడ్ చూశారా, బి-12 విటమిన్ చూశారా, ఎప్పుడైనా పడి తలకి దెబ్బ తగిలిందా అని అడిగారు. ఇవి కూడా మతిమరుపు తెస్తాయి, ఇవి అయితే నయమవుతాయి గదా! అన్నీ విని, "తల్లీ, ఇది తగ్గేది కాదు. నిద్ర పట్టేట్టు, విరేచనం సాఫీగా అయ్యేట్టు, ఒళ్ళు పగలకుండా ఉండేట్టు చూస్తాను. అంతకంటే చెప్తే అబద్ధం అవుతుంది" అన్నారు. అని, మా స్నేహితురాలి వైపు తిరిగి, "ఇంతకీ నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయింది?" అని అడిగారు. ఆరేళ్ళలో ఆమెని ఆ ప్రశ్న అడిగినవాడు ఆయనొక్కడే. అక్కడే కూచుని ఏడ్చేసింది.

ఆయనది మంచితనం మాత్రమే కాదు, శాస్త్రం కూడా. ఆయుర్వేదం జబ్బుల్ని తేలిగ్గా తగ్గేవి, కష్టం మీద తగ్గేవి, తగ్గనివి అని విడదీస్తుంది. తగ్గనివాటిలో మళ్ళీ రెండు. ఒకటి, ఇంక చెయ్యగలిగింది ఏమీ లేనిది. రెండోదాని పేరు యాప్యం - తగ్గదు గాని, కనిపెట్టుకుని ఉంటే బతికినన్నాళ్ళూ కొంత సుఖం ఇవ్వవచ్చు. సుశ్రుతుడు దీనికి మంచి పోలిక చెప్పాడు. కూలబోయే ఇంటికి సరైనచోట ఒక గుంజ ఆనిస్తే ఇల్లు నిలబడుతుంది, అలాంటిది అన్నాడు. గుంజ ఇంటిని కొత్తది చెయ్యదు. కాని లోపలున్నవాళ్ళ నెత్తిన పడకుండా ఆపుతుంది. అసాధ్యమైన జబ్బుని తగ్గిస్తానని మొదలుపెట్టే వైద్యుడికి డబ్బూ, విద్యా, పేరూ అన్నీ పోతాయని చరకుడు హెచ్చరించాడు. "మూడు నెలల్లో మాయం" అనేవాళ్ళు ఆయుర్వేదం పేరు చెప్పుకుంటారుగాని, ఆ పేజీ దాకా చదివినట్టు లేదు.

ఇక అసలు చిక్కు ప్రశ్నకి వస్తాను. రసాయనాలన్నీ చెప్పాక చరకుడు ఆచార రసాయనం అని ఒకటి చెప్పాడు. ఇందులో ఆకూ లేదు, వేరూ లేదు. నిజం చెప్పటం, కోపం లేకపోవటం, ఎవరినీ హింసించకపోవటం, ప్రియంగా మాట్లాడటం, పెద్దల్ని గౌరవించటం, దయ, వేళకి నిద్ర, వేళకి మెలకువ. ఇలా బతికే మనిషికి ఏ మందూ తినకపోయినా రసాయన ఫలం వస్తుందన్నాడు. ఎంత బావుందో చూడండి! పైసా ఖర్చు లేదు. కాని, ఇది రోగి పాటించాలి. మతి పోయిన మనిషి ఏం పాటిస్తుంది? కోప్పడవద్దని ఎవరికి చెప్తాం? అందుకే నాకనిపిస్తుంది, ఈ ఒక్క జబ్బులో మందు రోగి తింటే, పథ్యం ఇంట్లోవాళ్ళు చెయ్యాలి.

చెయ్యబోతే మొదటి అడుగులోనే ముల్లు గుచ్చుకుంటుంది. నిజం చెప్పటం, ప్రియంగా మాట్లాడటం - రెండూ కావాలంటాడాయన. రెండూ ఒకే నోట్లో ఇమడకపోతే?

మా స్నేహితురాలి మామగారు పోయి పదకొండేళ్ళయింది. అత్తగారు రోజూ దీపాలవేళకి వీధి గుమ్మం దగ్గర కూచుని "మీ మామగారు ఇంకా రాలేదేం?" అంటారు. మొదట్లో ఆడపడుచు నిజమే చెప్పింది - "నాన్నగారు పోయారు గదమ్మా." ఆవిడ గుండెలు బాదుకుని ఏడ్చారు. అప్పుడే కబురు తెలిసినట్టు. గంటకి మర్చిపోయి మళ్ళీ అడిగారు. మళ్ళీ నిజం. మళ్ళీ ఏడుపు. నిజం చెప్పటం ధర్మమే. కాని, ఒక ఆడదాన్ని రోజుకి మూడుసార్లు కొత్తగా విధవని చెయ్యటం ఏ ధర్మం?

ఒకరోజు ఆవిడ కుంకుమ భరిణె అడిగారు. మా స్నేహితురాలు తెచ్చి ఇచ్చింది. ఆవిడ అద్దం చూసుకుంటూ ఇంత బొట్టు పెట్టుకుని, తృప్తిగా గుమ్మంలో కూచున్నారు. అది చూసి ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు. ఆడపడుచు కూడా నొచ్చుకుంది - "అమ్మ జన్మంతా ఎంత నిష్ఠగా ఉండేది! మతి ఉంటే ఇలా చేసేదా?" ఆ మాటని కొట్టిపారెయ్యలేం. మతి ఉన్నప్పటి అమ్మ కోరిక పెద్దదా, ఇప్పుడు అద్దం ముందున్న అమ్మ కోరిక పెద్దదా? ఇద్దరూ ఒకరే. కాని ఇద్దరూ ఒకటి కోరటం లేదు. నన్నడిగితే, నొప్పి పడేది ఇప్పుడున్న అమ్మ. కనక ఆవిడ మాటే వినాలి.

అయితే అబద్ధం చెప్పెయ్యమంటావా అంటారేమో. ఆ దారి కూడా నున్నటిది. అక్కడే జారతాం. అన్నం అడిగితే "ఇందాకే తిన్నారుగా" అనెయ్యవచ్చు. ఆవిడకి గుర్తుండదు. విసుక్కోవచ్చు, చెయ్యి పట్టి లాగి కూచోబెట్టవచ్చు. రేపు సాక్ష్యం చెప్పేవాళ్ళు లేరు. నిద్రపుచ్చటానికి ఒక బిళ్ళ ఎక్కువ వేస్తే ఎవరడుగుతారు? ఆవిడ కోసం చెప్పే అబద్ధానికీ, మన సుఖం కోసం చెప్పే అబద్ధానికీ మధ్య గీత చాలా సన్నం. లేహ్యం అమ్మేవాడి అబద్ధం, కోడలి అబద్ధం ఒకటే కాదా అని కూడా అడగవచ్చు. కాదు. అమ్మినవాడు డబ్బు తీసుకుని వెళ్ళిపోతాడు. కోడలు గంట తరవాత అదే ప్రశ్నకి మళ్ళీ జవాబు చెప్పటానికి అక్కడే ఉంటుంది. ఒక మాట ఎవరికి లాభం చేసింది, ఆ మాట బరువు తరవాత ఎవరు మోశారు అని చూస్తే తేడా తెలిసిపోతుంది.

మా స్నేహితురాలు ఇప్పుడు మూడో దారి పట్టింది. అత్తగారు "ఇంకా రాలేదేం?" అనగానే, పక్కన కూచుని "మామయ్యగారికి ఏం కూర ఇష్టం అత్తయ్యగారూ?" అంటుంది. ఆవిడ మొహం విచ్చుకుంటుంది. గుత్తివంకాయ దగ్గర మొదలుపెట్టి, కొత్తకాపురంలో మాడబెట్టిన పప్పు దాకా వెళ్తారు. నిజమూ కాదు, అబద్ధమూ కాదు. ఆవిడ అడిగింది కబురు కాదని, మనిషిని తల్చుకోవటానికి ఒక తోడు అని కనిపెట్టటమే అందులోని వైద్యం.

"ఎంత మంచిగా ఉన్నా ఏం లాభం? అయిదు నిమిషాలకి గుర్తుండదు గదా" అని చాలామంది అంటారు. అది నిజం కాదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంవారు అల్జీమర్స్ రోగులకి కొన్ని ఏడిపించే సినిమా ముక్కలూ, కొన్ని నవ్వించేవీ చూపించి, 2014లో ఫలితం రాశారు. కాసేపటికి ఏం చూశారో వాళ్ళకి గుర్తులేదు. కాని ఆ దిగులు, ఆ సంతోషం మాత్రం సినిమా మర్చిపోయాక కూడా మనసులో అలాగే ఉన్నాయి. చూశారా! కసురుకున్న సంగతి మర్చిపోతుంది, కసురు తాలూకు దిగులు ఉండిపోతుంది. ఎందుకో తెలియని దిగులు. పోల్చుకోలేని మనిషి చల్లటి మాట చెప్తే, ఆ చల్లదనం కూడా ఉండిపోతుంది. అంటే, ఇంట్లోవాళ్ళు చేసే పథ్యం రోగి ఒంటికి పడుతుందన్నమాట. ఏ లేహ్యానికీ లేని రుజువు దీనికుంది.

కాని ఆ పథ్యం చెయ్యాలంటే మనిషికి నిద్ర ఉండాలి, తిండి ఉండాలి, వారానికి ఒక పూటైనా వీధిలోకి వెళ్ళి నలుగురితో మాట్లాడే వీలుండాలి. రాత్రంతా మేలుకున్న మనిషిని తియ్యగా మాట్లాడమనటం, ఎండిన బావిలో చేద వెయ్యటమే. కూలే ఇంటికి గుంజ ఆనించాం, సరే. ఆ గుంజ కూడా కర్రే. దానికీ చెద పడుతుంది. తల్లికి లేహ్యం కొనటానికి నెలకి ఇన్ని వేలు పంపించే కొడుకులు, అందులో సగం పెట్టి పగటిపూటకి ఒక ఆయాని కుదిర్చితే, అది కూడా తల్లికి ఇచ్చిన మందే. అప్పుడు కోడలి అనురాగం అంగట్లో దొరకకపోయినా, పడుకుని లేస్తే కొంతైనా దానంతటదే తిరిగొస్తుంది.

మందు మానెయ్యమని నేననను. మంచి వైద్యుడు చూసి ఇచ్చిన నూనె తలకి రాయండి. డాక్టరుకి చెప్పి, ఆయనిచ్చే బిళ్ళలకి అడ్డం రాదనుకుంటే సరస్వతి ఆకు పచ్చడి చేసి పెట్టండి. తల మీద నూనె రాసే చెయ్యి మెత్తగా ఉంటే, నూనె ఏ మొక్కదైనా ఆ పూటకి సుఖమే. కాని డబ్బా మీద రాసిన మాట నమ్మి, ఆ చేతిని మర్చిపోవద్దు.

మీకు తెలిసిన ఇళ్ళల్లో ఇలాంటి పెద్దావిడ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. చూడటానికి వెళ్ళేటప్పుడు మనం బత్తాయిలు పట్టుకెళ్తాం. కూచోగానే ఎవరికో తగ్గించిన ఫలానా వైద్యుడి పేరు చెప్తాం. కాఫీ తాగి వచ్చేస్తాం. ఆ కాఫీ పెట్టేదీ ఆ కోడలే. ఈసారి బత్తాయిలు లేకపోయినా ఫరవాలేదు, వైద్యుడి పేరు అసలే వద్దు. "నేను రెండు గంటలు ఇక్కడ కూచుంటాను, నువ్వు వెళ్ళి తలుపేసుకుని పడుకో" అని ఆ అమ్మాయితో అనండి. పెద్దావిడ మిమ్మల్ని ఎవరని పదిసార్లు అడుగుతారు. పదిసార్లూ మీ పేరు చెప్పండి.